లక్షల కోర్సుకు ముందు.. ఓ ప్లాస్టిక్ కిట్!

వీఎఫ్‌ఎక్స్‌లోకి వెళ్లాలా? ప్రొడక్ట్ డిజైనా? టూల్ డిజైనా? ఫీజు కట్టేసి, ఆరు నెలలు గడిచాక ‘ఇది నా పని కాదు’ అని తెలుసుకోవడం కష్టం. అంతకన్నా ముందు అరచేతిలో పట్టే విమానాన్నో, ట్యాంకునో ఒకటి కట్టి చూడండి. మీ చేయి ఎటు లాగుతుందో అదే చెప్పేస్తుంది.

మోతీనగర్, బోరబండ, ఎర్రగడ్డ చుట్టుపక్కల గదులు తీసుకుని ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు మనలో చాలామందే. అక్కడి నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా వెళ్తే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఎడిటింగ్ గదులు, వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలు, సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు.. అదంతా బొమ్మ కట్టే లోకం. అదే మోతీనగర్ నుంచి సనత్‌నగర్ మీదుగా వెళ్తే బాలానగర్ పారిశ్రామికవాడ. లేతు మెషిన్లు, డైలు, మౌల్డులు.. అది అచ్చు పోసే లోకం. ఈ రెండు లోకాలూ ఒకే డబ్బాలో కలిసే వస్తువు ఒకటుంది. అదే స్కేల్ మోడల్ కిట్.

అచ్చులో పోసిన చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు డబ్బాలో వస్తాయి. వాటిని కోసి, అతికించి, నునుపు చేసి, రంగు వేసి అసలు విమానంలా, ఓడలా, ట్యాంకులా తీర్చిదిద్దాలి. జపాన్‌కు చెందిన టామియా, హాసెగావా, బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ లాంటివి ఇందులో పేరున్న కంపెనీలు.

ముందే ఒక మాట చెప్పుకుందాం. కిట్లు కట్టడం ఉద్యోగం కాదు. ఇది నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే ఇది రెండు పనులు చేస్తుంది. ఏ తరహా పని మీకు సరిపడుతుందో తక్కువ ఖర్చులో తేల్చేస్తుంది. ‘మొదలుపెట్టిన పని పూర్తి చేయగలను’ అనడానికి చేతిలో ఓ రుజువు పెడుతుంది. ఫ్రెషర్‌కు ఈ రెండూ తక్కువేం కాదు.

1/72 అంటే ఏమిటి?

డబ్బా మీద 1/72, 1/48, 1/35 అని అంకెలుంటాయి. అసలు వస్తువును అన్ని రెట్లు చిన్నది చేశారని అర్థం. 1/72లో ఒక అంగుళం అంటే అసలులో ఆరడుగులు. అంటే ఆరడుగుల పైలట్ ఆ మోడల్‌లో సరిగ్గా అంగుళం ఎత్తుంటాడన్నమాట. 1/35 వెనుక కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1960ల మొదట్లో టామియా పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలని చూసుకుంది. ఆ లెక్కన ట్యాంకు సైజు 1/35 దగ్గర తేలింది. తర్వాత ప్రపంచమంతా ట్యాంకుల కిట్లకు అదే కొలతగా స్థిరపడింది. బ్యాటరీ సైజు ఒక పరిశ్రమ ప్రమాణాన్ని నిర్ణయించింది! ఇంజినీరింగ్‌లో ‘డిజైన్ పరిమితి’ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మనకు తెలిసిన వస్తువుతో లెక్క వేద్దాం. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. 1/350 స్కేల్‌లో అది 26 సెంటీమీటర్లు. మీ స్కేలు బద్దకన్నా చిన్నది. అసలు విమానం రేకుల మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. 1/72లో అది 0.07 మిల్లీమీటర్లు. దాదాపు వెంట్రుక మందం. ఇటునుంచి చూస్తే, మీ మోడల్ మీద మీరు ఒక మిల్లీమీటరు మందాన గీత గీశారంటే అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల పైచిలుకు కాలువ తవ్వినట్టే. చూసేవాడికి కారణం తెలియకపోయినా ‘ఇదేదో బొమ్మలా ఉంది’ అనిపించేది ఇందుకే. కొలత తప్పితే కన్ను పట్టేస్తుంది. గేమ్‌కు 3డీ మోడల్ చేసేవాళ్లకైనా, సెట్టు వేసేవాళ్లకైనా మొదటి పాఠం ఇదే.

డబ్బా తెరిస్తే.. మెకానికల్ ల్యాబ్

కిట్ ముక్కలన్నీ చెట్టు కొమ్మలకు కాయల్లా ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. దాన్ని స్ప్రూ అంటారు. మెకానికల్ వాళ్లయితే ఆత్రంగా కోసేయకుండా ముందు పదినిమిషాలు దాన్ని పరీక్షగా చూడండి. కరిగిన పాలిస్టైరీన్‌ను ఎక్కువ పీడనంతో ఉక్కు అచ్చులోకి పంపితే అది ఏ దారిలో ప్రవహించిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. అది పార్టింగ్ లైన్. అచ్చులోంచి ముక్కను బయటికి నెట్టిన పిన్నుల గుర్తులు గుండ్రంగా ఉంటాయి. మంచి కంపెనీ అయితే అవి బయటికి కనిపించని లోపలి వైపు వచ్చేలా డిజైన్ చేస్తుంది. మందంగా ఉన్నచోట ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోయి చిన్న గుంట పడుతుంది. అది సింక్ మార్క్. ముక్క అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి పక్క గోడలకు కొద్దిగా వాలు ఇస్తారు. అదే డ్రాఫ్ట్.

ఇవన్నీ మ్యానుఫ్యాక్చరింగ్ సబ్జెక్టులో పరీక్ష కోసం బట్టీపట్టిన మాటలే. ఇక్కడ వేలితో తడిమి చూడొచ్చు. ఇంటర్వ్యూలో ‘ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో వచ్చే లోపాలు చెప్పండి’ అని అడిగితే నాలుగు పేర్లు అప్పగించేవాళ్లు చాలామంది ఉంటారు. జేబులోంచి ఒక ముక్క తీసి ‘ఇదిగో సింక్ మార్క్, ఇక్కడ మందం తగ్గించి రిబ్ పెట్టి ఉంటే వచ్చేది కాదు’ అని చూపించేవాళ్లు అరుదు.

అతికించడంలోనూ సైన్సు ఉంది. మోడల్ సిమెంట్ అనేది మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను పైపైన కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. వెల్డింగ్ లాంటిదే. ముక్కలు రెండూ దగ్గరగా పట్టుకుని అతుకు దగ్గర కుంచెతో తాకిస్తే చాలు, పల్చటి ద్రవం సందులోకి తనంతట తానే పాకిపోతుంది. స్కూల్లో చదివిన కేశనాళికీయతే ఇది. అదే కాక్‌పిట్ అద్దాల దగ్గర ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారిపోతుంది. ఏ పదార్థానికి ఏది పడుతుందో తెలుసుకోవడమే మెటీరియల్ నాలెడ్జ్.

లప్పం, ప్రైమర్.. మన కొండపల్లి పద్ధతే

అతికించిన చోట సన్నని సందులు మిగులుతాయి. వాటిని పుట్టీతో నింపి, ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్దాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1000 మీదుగా నునుపు పేపర్లకు వెళ్లాలి. తర్వాత ప్రైమర్ కొట్టాలి. ఇల్లు పెయింట్ చేసేవాళ్లు గోడకు లప్పం పెట్టి ప్రైమర్ వేసే క్రమమే ఇది. ప్రైమర్ పడగానే అప్పటిదాకా దాక్కున్న గీతలు, గుంటలు అన్నీ బయటపడతాయి. అక్కడ ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దేవాళ్ల మోడల్ ఒకలా ఉంటుంది. ‘రంగు పడితే కప్పేస్తుందిలే’ అనుకునేవాళ్ల మోడల్ ఇంకోలా ఉంటుంది. రంగు దేన్నీ కప్పదు. ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

ఇదేదో జపాన్ నుంచి వచ్చిన విద్య అనుకోనక్కర్లేదు. కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్లపొణికి కర్రతో చేతులు, తల, ఒళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాంతోనే ఆకారం సరిచేస్తారు. ఆరాక సున్నం పూత, ఆపైన రంగులు. విడి భాగాలు, అతుకు, ఫిల్లర్, ప్రైమర్, పెయింట్.. క్రమం పొల్లుపోకుండా అదే. ఇక సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు డయోరమా అనే మాట కొత్తేమో కానీ, మెట్ల మీద ఊరూ, చెరువూ, పెళ్లివారినీ అమర్చడం కొత్త కాదు.

వాటర్ ట్యాంకర్‌ను చూశారా?

అసలు ఆట రంగు వేశాక మొదలవుతుంది. కొత్త రంగుతో మెరిసే మోడల్ ఆటబొమ్మలా ఉంటుంది. వాడిన వస్తువులా కనిపించాలంటే దుమ్ము, మసి, తుప్పు, పెచ్చులు లేచిన రంగు కావాలి. దీన్ని వెదరింగ్ అంటారు. ఎక్కడపడితే అక్కడ గోధుమరంగు పులిమేస్తే అది వెదరింగ్ కాదు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి.

ఆ కారణాలు నేర్చుకోవడానికి మన వీధులే యూనివర్సిటీ. ఎండాకాలంలో కాలనీలోకి వచ్చే వాటర్ ట్యాంకర్‌ను గమనించండి. తుప్పు ట్యాంకు మొత్తం ఉండదు. నీళ్లు కారే వాల్వు కింద, మూత చుట్టూ, వెల్డింగ్ అతుకుల వెంబడి ఉంటుంది. మరకలన్నీ పైనుంచి కిందికి గీతల్లా జారుతాయి, ఎందుకంటే నీళ్లు అలాగే జారతాయి. డ్రైవర్ ఎక్కే మెట్టు మీద రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది. అక్కడ తుప్పుండదు, రోజూ కాలు పడుతుంది కాబట్టి. ఆర్టీసీ బస్సు వెనుక భాగం చూడండి. చక్రాలు లేపిన దుమ్ము ముందుకన్నా వెనకే ఎక్కువ పేరుకుంటుంది. సైలెన్సర్ పక్కన మసి ఒకవైపే పరుచుకుంటుంది.

ఈ చూపే వీఎఫ్‌ఎక్స్‌లో టెక్స్చర్ ఆర్టిస్టుకు తిండి పెట్టేది. సబ్‌స్టెన్స్ పెయింటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తుప్పు రెడీమేడ్‌గానే దొరుకుతుంది. ఒక క్లిక్‌తో పూసేయొచ్చు. ఎక్కడ పూయాలో, ఎక్కడ పూయకూడదో మాత్రం క్లిక్కు చెప్పదు. ‘రఫ్‌నెస్ మ్యాప్’ అనే మాట కోర్సులో వింటారు. మెరిసేచోటు ఏది, మసకగా ఉండేచోటు ఏది అని చెప్పే పటం అది. మోడల్ మీద గ్లాస్, మ్యాట్ వార్నిష్‌లు వాడి చూసినవాళ్లకు దాని అర్థం ఒక్క నిమిషంలో తలకెక్కుతుంది.

మాయాబజార్ ద్వారక

చిన్నదాన్ని పెద్దదిగా నమ్మించే ఈ విద్య తెలుగు సినిమాకు ఏనాడో తెలుసు. 1957 నాటి ‘మాయాబజార్’లో కనిపించే ద్వారకా నగరం మినియేచరే. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో మద్రాసు వాహినీ స్టూడియోలో చిన్న చిన్న ఇళ్లతో ఆ నగరాన్ని కట్టారు. మార్కస్ బార్ట్లే కెమెరా దాన్ని మహానగరంగా నమ్మించింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజులవి.

హాలీవుడ్‌లో అయితే మనం చెప్పుకుంటున్న ఈ ప్లాస్టిక్ కిట్లే నేరుగా తెరకెక్కాయి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ కోసం మోడల్ మేకర్లు మార్కెట్లో దొరికే ట్యాంకులు, ఓడలు, విమానాల కిట్లను కుప్పలుగా కొని, వాటి ముక్కలు పీకి అంతరిక్ష నౌకల మీద అతికించారు. దీన్ని కిట్‌బాషింగ్ అంటారు. ఇప్పుడు 3డీలోనూ ఇదే మాట, ఇదే పద్ధతి వాడుకలో ఉన్నాయి. ‘టైటానిక్’ తీసిన జేమ్స్ కామెరాన్ సినిమా జీవితం మొదలైంది కూడా రోజర్ కార్మన్ కంపెనీలో మినియేచర్లు తయారుచేసే పనితోనే.

ఇప్పుడు మన దగ్గర పని ఎక్కువగా కంప్యూటర్‌లోనే జరుగుతోంది. ‘ఈగ’ (2012)కు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చిన మకుట వీఎఫ్‌ఎక్స్ హైదరాబాద్ సంస్థే. పనిముట్టు మారింది, అడిగే ప్రశ్న మారలేదు: చూసేవాడు నమ్ముతాడా, లేదా?

మీ చేయి ఎటు లాగింది?

ఒక కిట్ పూర్తయ్యాక నిజాయతీగా ఆలోచించండి. ఏ దశలో టైమ్ తెలియలేదు? ఏ దశలో ఫోన్ తీసి చూడాలనిపించింది? జవాబును బట్టి దారులు వేరు.

కోత, కొలత, అతుకు నచ్చితే: మీ చూపు టూల్, మౌల్డ్ డిజైన్ వైపు ఉందన్నమాట. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) 1968 నుంచీ ఈ విద్య నేర్పుతున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. డిప్లొమా, బీటెక్ వాళ్లకు వేర్వేరు కోర్సులున్నాయి. ప్లాస్టిక్స్ మీదే దృష్టి పెట్టాలంటే హైదరాబాద్, విజయవాడల్లో సీపెట్ కేంద్రాలున్నాయి. సినిమా అంత తళుకు ఉండదు. కానీ ప్లాస్టిక్ బకెట్ నుంచి కారు డ్యాష్‌బోర్డు దాకా ఎవరో ఒకరు అచ్చు డిజైన్ చేయాల్సిందే.

రంగు, మరక, వెలుగు నచ్చితే: టెక్స్చరింగ్, లుక్ డెవలప్‌మెంట్, గేమ్ ఆర్ట్. కోర్సులో చేరకముందే బ్లెండర్‌ను డౌన్‌లోడ్ చేసుకోండి. పూర్తిగా ఉచితం. మీరు చేతితో కట్టిన మోడల్‌నే అందులో మళ్లీ కట్టండి. రెండింటినీ పక్కపక్కన పెడితే అదే ఒక ప్రాజెక్టు.

దృశ్యం మొత్తం అమర్చడం నచ్చితే: సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, ఎగ్జిబిషన్ డిజైన్, ఆర్కిటెక్చరల్ మోడల్ మేకింగ్. కోకాపేట, నార్సింగి వైపు ఏ అపార్ట్‌మెంట్ సేల్స్ ఆఫీసుకు వెళ్లినా మధ్యలో అద్దాల పెట్టెలో లైట్లతో వెలిగే బుల్లి టవర్లు కనిపిస్తాయి. అవి చేసేదీ మనుషులే. లేజర్ కటింగ్, ఆక్రిలిక్, 3డీ ప్రింటింగ్, రంగు.. అన్నీ అందులో ఉంటాయి. చదువు పరంగా అయితే మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉంది.

కిట్‌లో లేని భాగాన్ని సొంతంగా చేయాలనిపిస్తే: ఇది ప్రొడక్ట్ డిజైనర్ లక్షణం. ఏ బ్రాంచ్ డిగ్రీ ఉన్నా, ఫైనలియర్‌లో ఉన్నా సీడ్ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎం.డిజైన్‌కు ప్రయత్నించొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే పరీక్ష ఇది. ప్రోటోటైప్ చేసి చూడాలంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో మొదలైన ఈ కేంద్రంలో 3డీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు, సీఎన్‌సీ మెషిన్లు ఉన్నాయి.

ఏ దశా నచ్చకపోతే? అదీ జవాబే. రెండు మూడు వేల రూపాయలతో, నాలుగు వారాంతాలతో ఆ సంగతి తెలిసింది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి ఫీజు కట్టాక తెలియడం కన్నా ఎంతో నయం.

ఫొటో కాదు, ప్రయాణం చూపించండి

రెజ్యుమేలో హాబీస్ దగ్గర ‘మోడల్ మేకింగ్’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. క్రికెట్, పాటలు వినడం పక్కన అదొక మాట అయిపోతుంది. పోర్ట్‌ఫోలియోలో పేజీగా పెడితేనే విలువ.

• పూర్తయిన మోడల్ ఫొటో ఒక్కటే సరిపోదు. ఖాళీ ప్లాస్టిక్, అతికించాక, ప్రైమర్ పడ్డాక, రంగు వేశాక.. ప్రతి దశనూ ఒకే చోట, ఒకే వెలుతురులో తీయండి. కిటికీ పక్కన, వెనుక తెల్ల చార్టు పెడితే ఫోన్ కెమెరా చాలు.

• అసలు వస్తువు ఫొటోను పక్కన పెట్టండి. విశాఖ వెళ్తే కురుసురనూ, దానికి దగ్గర్లోనే ఉన్న టీయూ-142 విమానం మ్యూజియాన్నీ దగ్గరగా చూసి, వీలైనన్ని ఫొటోలు తీసుకోండి. సొంతంగా తీసిన రిఫరెన్స్‌కు ఉన్న బలం నెట్‌లో దొరికినదానికి ఉండదు.

• ప్రతి దశకూ మూడు వాక్యాలు రాయండి: ఏం చేశాను, ఎందుకు చేశాను, ఎన్ని గంటలు పట్టింది. గంటల లెక్క నిజం రాయండి. స్టూడియోల్లో పని నడిచేదే గంటల మీద.

• సరిగ్గా రాని చోటును దాచకండి. ‘ఈ అతుకు కనిపిస్తోంది, తర్వాతి మోడల్‌లో ఇలా సరిచేశాను’ అని చూపితే అవతలివాళ్లకు నమ్మకం పెరుగుతుంది.

‘ఈ తుప్పు ఇక్కడే ఎందుకు పెట్టావ్?’ అని ఎవరైనా అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి. ఆ ఒక్క జవాబు కోసమే ఇంత శ్రమ.

ఫీజు కట్టేముందు..

వీఎఫ్‌ఎక్స్ రంగం బయటికి కనిపించినంత నిలకడైనది కాదు. 2023లో హాలీవుడ్ రచయితలు, నటుల సమ్మెలతో అక్కడి నుంచి వచ్చే పని తగ్గింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ లాంటి పెద్ద సంస్థే కుప్పకూలితే బెంగళూరులోని దాని ఉద్యోగులూ రోడ్డున పడ్డారు. ఏఐ టూల్స్ రోజుకొకటి వస్తున్నాయి. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ‘వంద శాతం జాబ్ గ్యారంటీ’ అనే బోర్డు చూసినప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా మూడు ప్రశ్నలు అడగండి. పోయిన బ్యాచ్ విద్యార్థుల పని చూపిస్తారా? వాళ్లలో ఇద్దరితో మాట్లాడనిస్తారా? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారు? జవాబు నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

మొదలుపెట్టడానికి ఇవి చాలు

కిట్: 1/72 సింగిల్ ఇంజిన్ విమానం. ముక్కలు తక్కువ ఉన్నదే తీసుకోండి. వందల ముక్కల యుద్ధనౌకతో మొదలుపెడితే అది డబ్బాలోనే ఉండిపోతుంది.

పనిముట్లు: సైడ్ కట్టర్, సన్న బ్లేడు కత్తి, పట్టకారు, రెండు మూడు రకాల ఎమరీ పేపర్లు, మోడల్ సిమెంట్, కొద్దిగా పుట్టీ, రెండు మంచి కుంచెలు. ఎయిర్‌బ్రష్ ఇప్పుడే వద్దు.

రంగులు: నీళ్లతో కలిపే ఆక్రిలిక్‌లు నాలుగైదు. ఒకే మందపు పూత కన్నా మూడు పల్చటి పూతలు మేలు.

జాగ్రత్తలు: సిమెంట్, స్ప్రే ప్రైమర్, థిన్నర్ ఆవిర్లు మంచివి కావు. తలుపులు మూసిన హాస్టల్ గదిలో వాడొద్దు. బాల్కనీలోనో, డాబా మీదో, మాస్కు పెట్టుకుని, నిప్పుకు దూరంగా వాడండి. కత్తి ఎప్పుడూ వేలికి ఎదురుగా రాకూడదు.

టైమ్: రోజుకో గంట, నెల రోజులు. సిమెంట్, పుట్టీ, రంగు ఆరేదాకా ఆగాల్సిందే. తొందరపడితే వేలిముద్ర రంగులో శాశ్వతంగా అచ్చుపడిపోతుంది. ఆరేలోగా ఆప్టిట్యూడ్ చదువుకోండి. రెండు పనులూ అవుతాయి.